అయస్కాంత, వైర్‌లెస్ ఛార్జర్లు: భద్రపరిచే పద్ధతులు

ఫోను, చేతిగడియారం, ఇయర్‌బడ్స్ కేసు వంటివాటికి తీగ గుచ్చకుండా, పైన ఆనించి ఛార్జ్ ఎక్కించే పరికరాలు వైర్‌లెస్ ఛార్జర్లు. వాటిలో ఫోను వీపుకు అతుక్కుని నిలిచేవి అయస్కాంత ఛార్జర్లు. ఛార్జర్‌లోని రాగి తీగచుట్టలో మారుతుండే విద్యుత్తు అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రం ఫోనులోని మరో చుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. 2008లో ఏర్పడిన వైర్‌లెస్ పవర్ కన్సార్షియం రూపొందించిన ‘చీ’ ప్రమాణాన్ని ఫోన్ల కంపెనీలు విస్తృతంగా పాటిస్తున్నాయి. 2020లో యాపిల్ సంస్థ ఐఫోన్ 12 వీపులో అయస్కాంతాల వలయాన్ని అమర్చి దానికి ‘మాగ్‌సేఫ్’ అని పేరు పెట్టింది. 2023లో ప్రకటించిన ‘చీ2’ ప్రమాణంతో అదే పద్ధతి ఇతర కంపెనీలకూ అందుబాటులోకి వచ్చింది.

ప్లగ్ తీయగానే తీగచుట్ట క్షేత్రం మాయమవుతుంది. అయస్కాంతం మాత్రం బీరువాలో ఉన్నా, చేతిసంచిలో ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన ఈ అయస్కాంతాలు పరిమాణంలో చిన్నవే అయినా బలం చాలా ఎక్కువ. అందువల్ల ఛార్జర్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించేముందు ఆ చోట పక్కన ఏమేమి ఉంటాయో చూసుకోవాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది మనుషుల గుండె. పేస్‌మేకర్‌లోనూ, గుండె లయ ప్రమాదకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీలోనూ అయస్కాంతానికి స్పందించే ఏర్పాటు కావాలనే ఉంచుతారు. శస్త్రచికిత్సల సమయంలో వైద్యులు దాన్ని వాడుకుంటారు. బలమైన అయస్కాంతం దగ్గరికి వస్తే పేస్‌మేకర్ సాధారణంగా గుండె సొంత లయను పట్టించుకోకుండా ఒకే వేగంతో కొట్టిస్తుంది. ఐసీడీ షాక్ ఇవ్వడం ఆపేస్తుంది. అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వైద్యులు ఐసీడీ ఉన్న రోగి ఛాతీ దగ్గరికి ఐఫోన్ 12ను తెచ్చి చూసినప్పుడు ఇదే జరిగిందని 2021లో వెల్లడించారు. ఫోనునూ మాగ్‌సేఫ్ ఉపకరణాలనూ ఇలాంటి పరికరాలకు 15 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ దూరంలో, వైర్‌లెస్‌గా ఛార్జ్ అవుతున్నప్పుడు 30 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ దూరంలో ఉంచాలని యాపిల్ చెబుతోంది. మన మగవాళ్లు ఫోను పెట్టుకునే చొక్కా జేబు ఎడమవైపే ఉంటుంది. పేస్‌మేకర్‌ను ఎక్కువగా అమర్చేదీ ఎడమ కాలరెముక కిందనే. ఇలాంటి గుండె పరికరం ఉన్న పెద్దవాళ్ల చొక్కా జేబులో అయస్కాంత ఛార్జర్‌గానీ, పవర్‌బ్యాంకుగానీ ఉండనే కూడదు. వాళ్ల తలగడ పక్కన కూడా పెట్టకూడదు.

బ్యాంకు కార్డుల వెనుక ఉండే నల్లటి పట్టీలోని సమాచారం అయస్కాంతానికి చెరిగిపోవచ్చు. చిప్‌కు ఆ భయం తక్కువ. పట్టీతో పనిచేసే హోటల్ గది కార్డులు అన్నిటికన్నా తేలిగ్గా చెడతాయి. కార్డులు, పాస్‌పోర్టు, కారు రిమోట్ తాళం వంటివాటిని ఫోనుకూ ఛార్జర్‌కూ మధ్య ఇరికించకూడదు. కీ ఇచ్చే పాతకాలపు గడియారంలో సన్నని స్ప్రింగు అయస్కాంతీకరణ చెందితే కాలం తప్పు చూపిస్తుంది. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి, వీటన్నిటికీ వేరే అర కేటాయిస్తే చాలు.

ఇళ్లలో తరచూ కనిపించే పొరపాటు ఛార్జర్‌ను పిన్నీసులు, గుండుసూదులు, తాళంచెవులు ఉండే సొరుగులో పడేయడం. అవి ఛార్జర్ ముఖానికి అంటుకుని ఫోను వీపును గీస్తాయి. చూడకుండా ఫోను పెట్టి ఛార్జ్ చేస్తే వేడెక్కగలవు. మాత్రల అల్యూమినియం రేకు అయస్కాంతానికి అంటుకోదు, కానీ తీగచుట్ట క్షేత్రంలో సుడి ప్రవాహాలు పుట్టి అదీ వేడెక్కగలదు. మధ్యలో పడిన లోహాన్ని గుర్తించి ఆగిపోయే ఏర్పాటు ‘చీ’ ప్రమాణంలో ఉన్నా, ప్రతి చిన్న ముక్కనూ అది పట్టుకుంటుందని నమ్మలేం. మూత ఉన్న గుడ్డసంచిలోగానీ ప్లాస్టిక్ డబ్బాలోగానీ ఛార్జర్‌ను ఒంటరిగా ఉంచడం మేలు. వాడేముందు పొడిగుడ్డతో ముఖం తుడవాలి. కేబుల్‌ను ఛార్జర్ బిళ్ల చుట్టూ బిగించి చుడితే అతుకు దగ్గర లోపలి తీగలు తెగుతాయి. వదులు చుట్టలుగా మడవాలి. పైడొప్ప పగిలి అయస్కాంతం ముక్కలు బయటపడిన ఛార్జర్ పిల్లల చేతికి అందకూడదు. ఒకటికి మించి మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుని రంధ్రాలు చేయగలవు.

ఫోనుకు అతుక్కునే పవర్‌బ్యాంకుకు ఇంకా జాగ్రత్త కావాలి, అందులో లిథియం బ్యాటరీ ఉంటుంది కనుక. రెంటచింతల, రామగుండం ఎండల్లో నిలిపి ఉంచిన కారు లోపలి వేడి బయటి వేడిని బాగా మించిపోతుంది. డాష్‌బోర్డు మీద దాన్ని వదలకూడదు. నెలల తరబడి వాడని పవర్‌బ్యాంకును దాదాపు సగం ఛార్జ్‌తో, చల్లని పొడిచోట ఉంచాలి. విమాన ప్రయాణంలో దాని చోటు చేతిసంచిలోనే, చెక్-ఇన్ సామానులో కాదు. 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు సుమారు 37 వాట్-అవర్లే.

ఉబ్బిన పవర్‌బ్యాంకును వాడకూడదు, దాచకూడదు, చెత్తబండిలో వేయకూడదు. చెత్తను నొక్కేటప్పుడు లిథియం సెల్ నలిగి మంట లేవగలదు. దాన్ని ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి.