పెరటికోళ్ల దినచర్య - పరాన్నజీవుల భయం: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
గీకడం, పొడవడం, దుమ్ములో పొర్లడం, చీకటిపడగానే గూడు చేరడం పెరటికోడి నిత్యచర్యలు. వీటిని వివిధ కాలాల్లో మనుషులు ఎలా అర్థం చేసుకొన్నారో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వీటిలో సహజస్వభావమేదో, రోగసూచనేదో వేరుచేసి చూడటమే పరాన్నజీవుల నివారణకు తొలిమెట్టని తెలపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: పెరటికోళ్లు, దుమ్ముస్నానం, పొడుపువరుస, కోడిపేలు, కుక్కుటశాస్త్రం.

1. ఉపోద్ఘాతం:
2019 నాటి 20వ పశుగణన ప్రకారం మన దేశంలో పెరటికోళ్లు సుమారు 31.7 కోట్లు. అంతకుముందరి గణన కంటే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. కొత్తగా కోళ్లు పెంచేవారు, పెట్ట కాళ్లు చాచి ఒంటిపై మన్ను ఎగజిమ్ముకొంటుంటే జబ్బు చేసిందని భయపడతారు. అదే పెట్ట సాయంత్రం గూట్లోకి పోనని మొరాయిస్తే మొండితనమని అదిలిస్తారు. నిజానికి మొదటిది ఆరోగ్యలక్షణం; రెండవది ప్రమాదసూచన కావచ్చు.

2. ప్రాచీనుల పరిశీలన:
చరకసంహిత కోడిని విష్కిరవర్గంలో చేర్చింది. కాళ్లతో చెదరగొట్టి మేసేవి విష్కిరాలు. ముక్కుతో పొడిచి తినేవి ప్రతుదాలు. అంటే ఇక్కడ వర్గీకరణకు ప్రవర్తనే ఆధారం. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ పక్షులను దుమ్ములో పొర్లేవి, నీటిలో మునిగేవి అని వేరుచేశాడు. ఫెసెంట్ పక్షి దుమ్ములో పొర్లకపోతే పేలు దానిని చంపుతాయని కూడా రాశాడు.

తెలుగునాట కుక్కుటశాస్త్రం పేర కోడిపుంజుల విద్య గ్రంథస్థమైంది. కాకి, డేగ, నెమలి వంటి రంగుల భేదాలను, పందెపు జయాపజయాలను అది లెక్కగట్టింది. పలనాటి వీరచరిత్రలో కోడిపోరు రాజ్యాల తలరాతనే మార్చింది. అయితే పిల్లలకోడిని గంప కింద మూసి, గూట్లో బూడిద చల్లి, రెక్క ఎత్తి పేలు చూసిన ఇల్లాలి జ్ఞానానికి ఆ శాస్త్రంలో చోటు దక్కలేదు. అది చేతి నుంచి చేతికి అందిన విద్యగానే మిగిలింది.

3. ఆధునికశాస్త్రం:
నార్వేకు చెందిన షెల్డెరప్-ఎబ్బె బాల్యం నుంచే కోళ్లను గమనించాడు. మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చునన్నదానికి ఒక వరుస ఉంటుందని 1922లో ప్రకటించాడు. ఈ గ్రహింపు పెంపకందారుకు నేటికీ ఉపయుక్తం. ఒక పెట్ట చిక్కిపోవడానికి ఏలికపాములే కారణం కానక్కరలేదు. పైవరుస కోళ్లు దానిని మేతకు రానివ్వకపోవచ్చు. మేత రెండుచోట్ల పెట్టి చూస్తే సగం సందేహం తీరుతుంది.

దుమ్ముస్నానం కేవలం పేల బాధవల్ల పుట్టినది కాదు. పేలు లేని కోళ్లూ పొర్లుతాయి. మన్ను దొరకని కోళ్లు పంజరపు తీగలమీదనే ఆ అభినయం చేస్తాయి. ఈకలపై పాతబడిన జిడ్డును దుమ్ము తొలగిస్తుంది. 2012లో ప్రచురితమైన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనలో ఇసుకకు గంధకం వంటి పొడులు కలిపిన తొట్టెలు ఉంచారు. వాటిని వాడుకొన్న కోళ్లపై వారంలో నల్లులు, పేలు 80 నుంచి 100 శాతం తగ్గాయి. గూట్లో బూడిద చల్లిన చేతి ఆలోచన కూడా ఈ దారిలోనిదే.

4. గూడు, పెంటకుప్ప:
కోళ్ల ఎర్రనల్లి పగలు చెక్కల సందుల్లో దాగి, రాత్రి రక్తం పీలుస్తుంది. వెచ్చని వాతావరణంలో వారంరోజుల్లోనే దాని జీవితచక్రం పూర్తవుతుంది. కోళ్ల గోమార్లదీ రాత్రివేళ పీల్చే స్వభావమే. అవి ప్రాణాంతకమైన స్పైరోకీట్ జ్వరాన్ని మోస్తాయి. ఈ వ్యాధిని మార్షూ, సాలింబెని 1903లో బ్రెజిల్‌లో వర్ణించారు. పగలు కోడి ఒంటిని వెదికితే ఏమీ కనిపించకపోవచ్చు. దీపం పట్టుకొని గూడు వెదకాలి. గూడు చేరనన్న కోడి చెబుతున్నది ఇదే.

గీకడంలోనూ రెండు ముఖాలున్నాయి. పెంటకుప్ప కోడికి పురుగులను మేతగా ఇస్తుంది. రెట్టతో రాలిన ఏలికపాముల గుడ్లనూ ఇస్తుంది. గీకడాన్ని ఆపలేము, చోటును మార్చి, తడిని తగ్గించగలము.

5. ముగింపు:
విష్కిరమన్న పేరు పెట్టినవారి నుంచి నేటి పరిశోధకుల దాకా కోడిని తెలుసుకొన్న మార్గం ఒక్కటే: దాని నడవడిని ఓపికగా చూడటం. మందు అవసరమైనచోట పశువైద్యుని సలహా తప్పనిసరి. అయితే ఆ అవసరాన్ని ముందుగా గుర్తించేది పెరట్లోని కన్నే. పుంజు పందేన్ని గ్రంథాలకెక్కించిన మనం, పెట్టను సాకిన స్త్రీల పరిశీలనలను కూడా ఊరూరా సేకరించి భద్రపరచుకోవలసి ఉంది.