పూండి ఏటి ఒడ్డున రాళ్ళు చెప్పే సంగతి

తిరుత్తణి, తిరువళ్ళూరు వైపు తెలుగు ఇళ్ళల్లో చరిత్ర మాటొస్తే పెద్దవాళ్ళు 1960 దగ్గరే మొదలుపెడతారు. ఆ ఏడాది ఏప్రిల్ 1న రాష్ట్రాల ఎల్లలు మారాయి. పటాస్కర్ తీర్పు ప్రకారం చిత్తూరు జిల్లా తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. సత్యవేడు చుట్టుపక్కల ఊళ్ళు ఆంధ్రకు వెళ్ళాయి. అప్పటి నుంచి మన పిల్లల్ని బడిలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు: మీవాళ్ళు ఇక్కడికి ఎప్పుడు వచ్చారు?

మేం ఎక్కడి నుంచీ రాలేదు, ఉన్న ఊళ్ళోనే ఉన్నాం అన్నది మన ఇళ్ళల్లో మామూలుగా చెప్పే జవాబు. అది నిజమే. తిరుత్తణినే చూడండి. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడ పుట్టినప్పుడు అది ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1960లో చెంగల్పట్టుకు, 1997లో తిరువళ్ళూరుకు మారింది. ఊరు కదలకుండానే నూరేళ్ళు దాటిన కాలంలో నాలుగు జిల్లాలు చూసింది.

అయితే ఈ జవాబు కూడా 1888 తర్వాతి మాటే. ఇంకా వెనక్కి పోవాలంటే పూండికి వెళ్ళాలి.

మనవైపు కుశస్థలి అనే ఏటిని తమిళంలో కొసస్తలై ఆరు అంటారు. చిత్తూరు వైపు కొండల నీళ్ళు, నగరి ఏరు ఇందులో కలిసి పూండి చెరువుకు చేరతాయి. మద్రాసుకు తాగునీటి కోసం 1944లో కట్టి పూర్తిచేసిన ఈ జలాశయానికి సత్యమూర్తి సాగర్ అని పేరు. ఎండాకాలంలో వెళితే ఏరు చాలా దూరం ఒట్టి ఇసుక. గట్టు మీద సర్కారు తుమ్మ, కాళ్ళ కింద ఎర్రటి గులకరాళ్ళు. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది.

ఆ గులకరాళ్ళలోనే ఉంది అసలు సంగతి. 1863లో భూగర్భ సర్వే శాఖలో పనిచేసే రాబర్ట్ బ్రూస్ ఫుట్, మే నెలలో పల్లావరంలో ఒక రాతి పనిముట్టు గుర్తుపట్టాడు. సెప్టెంబరులో విలియం కింగ్‌తో కలిసి పూండి దగ్గర అత్తిరంపాక్కం వాగులో అలాంటివి ఇంకా ఎన్నో చూశాడు. క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయిని రెండు వైపులా చెక్కి చేసిన చేతిగొడ్డళ్ళు అవి. పండితులు ఆ సంప్రదాయానికి మద్రాసు పేరే పెట్టారు.

వాటి వయసు తేలడానికి ఇంకో నూట యాభై ఏళ్ళు పట్టింది. శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ బృందం 1999 నుంచి అక్కడ తవ్వకాలు చేసింది. రాయి నేల పైన ఉన్నంతకాలం అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు దానిలో కొన్ని మార్పులు తెస్తాయి. మట్టిలో పూడుకుపోయాక ఆ మార్పులు కొద్దికొద్దిగా తరిగిపోతాయి. ఆ తరుగును కొలిచి, అన్నిటికంటే కింది పొరల పనిముట్లు కనీసం 10 లక్షల 70 వేల ఏళ్ళ నాటివని, సగటున 15 లక్షల ఏళ్ళు ఉండొచ్చని 2011లో ప్రకటించారు. పై పొరల్లో, సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ళ కిందట, పనిముట్లు చేసే తీరే మారిందని 2018లో చెప్పారు. పెద్ద గొడ్డళ్ళు తగ్గి, చిన్న పెచ్చులతో చేసినవి పెరిగాయి.

జంతువుల పళ్ళు, అడుగుజాడలు దొరికాయి గానీ, ఆ పనిముట్లు చేసినవాళ్ళ ఎముక ఒక్కటీ దొరకలేదు. వాళ్ళది ఏ జాతో, ఏం మాట్లాడుకునేవాళ్ళో చెప్పలేం. అప్పటికి తెలుగూ లేదు, తమిళమూ లేదు. ఎవరు ముందు వచ్చారన్న పోట్లాటకు ఈ ఏరు సాక్ష్యం చెప్పదు.

ఇదే పూండికి కృష్ణ నీళ్ళు కూడా వస్తాయి. 1983 ఒప్పందంతో తెలుగుగంగ పని మొదలై, 1996లో తొలిసారి నీళ్ళు ఇక్కడికి చేరాయి. కండలేరు నుంచి ఎల్ల దాకా 152 కిలోమీటర్లు, అక్కడ నుంచి పూండికి 25 కిలోమీటర్లు కాలువ. ఎల్ల కోసం కొట్లాడిన రెండు రాష్ట్రాలూ, పాతికేళ్ళు తిరక్కుండానే ఆ ఎల్ల మీదుగా కాలువ తవ్వడానికి ఒప్పుకున్నాయి. మన ఇళ్ళల్లో 1960 గొడవ చెప్పుకున్నంతగా ఈ మాట చెప్పుకోం. చెప్పుకోవాలి.

అందుకే పిల్లల్ని ఒకసారి పూండికి తీసుకెళ్ళమంటాం. పురావస్తు శాఖ మ్యూజియం ముందు చూపిస్తే, బయట రాళ్ళలో చెక్కిన రాయి ఏదో, మామూలు రాయి ఏదో వాళ్ళకే తెలుస్తుంది. అల్లికుళి కొండల్లో గుడియం గుహలకు పోవాలంటే అడవి దారిలో నడవాలి. పొద్దున్నే బయల్దేరి నీళ్ళు ఎక్కువగా పట్టుకెళ్ళండి. ఏటి దగ్గర గానీ కొండల్లో గానీ రాయి దొరికితే చూసి, ఉన్నచోటే ఉంచేయండి. ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది. ఇంటికి తెచ్చి షోకేసులో పెడితే అది ఉత్త రాయే.

ఈసారి బడిలో ఎవరైనా మీరెప్పుడు వచ్చారని అడిగితే, మనవాడు పూండి సంగతి చెప్పి, నువ్వూ రా, చూద్దాం అని వాళ్ళనీ పిలుచుకుపోవచ్చు.