మన ఊరి కాగితం ఎక్కడుంది?



మన చరిత్ర పడిగెల మీద ఉంది, డోలి పాటల్లో ఉంది. కానీ భూమి గొడవ కోర్టుకెక్కితే అక్కడ ముందు అడిగేది ఒక్కటే: కాగితం ఏది?

మంగపేట సంగతే చూడండి. ఒకప్పటి వరంగల్, ఇప్పటి ములుగు జిల్లాలోని ఆ మండలంలో 23 ఊళ్లు షెడ్యూల్డ్ ఏరియానా కాదా అనే తగాదా దశాబ్దాలు నడిచింది. 2023 జులైలో హైకోర్టు అవి షెడ్యూల్డ్ ఊళ్లేనని తేల్చింది. వాదనంతా పాత నోటిఫికేషన్లు, జాబితాల చుట్టే తిరిగింది. జాబితాలో ఊరుంటేనే 1/70 చట్టం మన భూమికి కాపలా.

ఆ జాబితాలు ఊరికే రాలేదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక నిజాం సర్కారు హైమండార్ఫ్‌ను పంపి మన గూడేల స్థితి రాయించింది. ఆ తర్వాత 1356 ఫసలీలో, అంటే 1946 ప్రాంతంలో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు తాలూకాల వారీగా ఊళ్ల పేర్లు రాసింది. అంటే ఆ కాగితాల వెనక మనోళ్ల నెత్తురుంది.

మరి అవి ఎక్కడ దొరుకుతాయి? నిజాం కాలం దస్త్రాలు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు పార్సీ, ఉర్దూలోనే. అందుకే ఊరి పేరు ఉర్దూలో రాయించుకొని పోవాలె. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపు మన లెక్క వస్తుంది. ఇంకో సంగతి: ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది. పాల్వంచ, ఇల్లెందు వైపు వాళ్లు అంతకుముందు కాగితాలను వరంగల్ పేరు మీదే వెతకాలి.

సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ నకళ్ల కోసం తహసీల్దార్ ఆఫీసులో అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మండల ఆఫీసుకు 5 రూపాయల ఫీజు, తెల్ల కార్డు ఉన్నోళ్లకు అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ చట్టంలోని మినహాయింపుల్లో చాలావరకు పనిచేయవు.

పోడు పట్టాలకు కూడా ఇదే దారి. అటవీ హక్కుల నియమాల ప్రకారం కనీసం రెండు ఆధారాలు కావాలి. సర్కారు రికార్డు ఒకటైతే, ఊరి పెద్దమనిషి చెప్పి రాయించిన వాంగ్మూలం ఇంకొకటి కావచ్చు. అంటే మన తాతల మాటకూ చట్టంలో చోటుంది.

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఊరి పాత పేరు, పాత తాలూకా, సర్వే నంబర్లు, తాతల పేర్లు పెద్దలను అడిగి రాసుకుందాం. అవి చేతిలో ఉంటేనే ఆర్కైవ్స్‌లో ఏ కట్ట విప్పాలో తెలుస్తుంది. మన కాగితం మనం వెతక్కపోతే, ఎవరో రాసిన కాగితమే మన చరిత్ర అయితది.

జై ఆదివాసీ!