జెరుబ్బాబెలు ఎవరి కుమారుడు?



పోయిన బుధవారం బైబిలు స్టడీ అయ్యాక ఒక తమ్ముడు ఫోను చూపిస్తూ మమ్మల్ని ఆపాడు. ఎజ్రా 3:2లో, హగ్గయి 1:1లో జెరుబ్బాబెలు షయల్తీయేలు కుమారుడు. మొదటి దినవృత్తాంతములు 3:19లో మాత్రం పెదాయా కుమారుడు. "ఏది నిజం అయ్యగారూ?" అన్నాడు. ముఖంలో వెక్కిరింత లేదు, భయం ఉంది. అందుకే ఏదో ఒకటి చెప్పి పంపేయలేకపోయాం.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెహోయాకీను రాజును బబులోనుకు చెరపట్టుకుపోయాడు. యెకొన్యా అన్నా ఇతడే. బబులోను తవ్వకాల్లో దొరికిన మట్టి పలకలను వైడ్నర్ అనే పండితుడు 1939లో ప్రచురించాడు. యూదా రాజుకూ అతని ఐదుగురు కొడుకులకూ కొలిచి ఇచ్చిన నూనె లెక్క వాటిలో ఉంది. దావీదు సింహాసనం మీద కూర్చున్నవాడు రేషను నూనె తీసుకుని బతికాడు! కొడుకుల పేర్లు పలకల మీద లేవు. దినవృత్తాంతముల ప్రకారం షయల్తీయేలు, పెదాయా ఇద్దరూ ఆ రాజు కొడుకులే. అంటే జెరుబ్బాబెలుకు ఒకరు తండ్రి అయితే మరొకరు పెదనాన్నో చిన్నాన్నో అవుతారు.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయం ప్రకారం, అన్న పిల్లలు లేకుండా చనిపోతే తమ్ముడు వదినను పెండ్లి చేసుకోవాలి. పుట్టిన మొదటి కొడుకు అన్న పేరు నిలబెట్టాలి. ఇక్కడా అదే జరిగిందని చాలామంది బోధకులు చెబుతారు. దినవృత్తాంతములలో షయల్తీయేలుకు కొడుకులెవరినీ రాయలేదు గనుక ఆ మాట కుదురుతుంది. మాకూ అదే సరైనదనిపిస్తుంది. కానీ అలా జరిగిందని లేఖనం ఎక్కడా చెప్పలేదు. ప్రాచీన గ్రీకు అనువాదపు ముఖ్యమైన ప్రతులలో 3:19లోనే పెదాయాకు బదులు షయల్తీయేలు పేరుంది. గ్రీకులోకి మార్చినవారికీ ఈ చిక్కు కనబడి సరిచేశారేమో.

మన ఊళ్లలోనూ తండ్రి పోతే పెదనాన్న దగ్గర పెరిగిన పిల్లలున్నారు. బడి రిజిస్టరులో పెదనాన్న పేరుంటుంది, ఇంట్లో మాత్రం ఫలానావాడి కొడుకంటారు. ఎవరూ అబద్ధమాడలేదు.

అలాగని అప్పటివారు వంశావళిని తేలికగా తీసుకున్నారని కాదు. ఎజ్రా 2:61-63 చదవండి. చెర నుండి తిరిగివచ్చిన కొన్ని యాజక కుటుంబాలకు తమ పేర్లు పుస్తకంలో దొరకలేదు. వారిని యాజకత్వం నుండి తప్పించారు. అదే గ్రంథం 7వ అధ్యాయంలో ఎజ్రా సొంత వంశావళి ఉంది. దినవృత్తాంతములు 6వ అధ్యాయంతో పోలిస్తే మెరాయోతు తరువాత ఆరు పేర్లు లేవు. హెబ్రీలో 'కుమారుడు' అనే మాట మనుమడికీ, ఎన్నో తరాల వెనుకవాడికీ చెల్లుతుంది. కాబట్టి అన్ని పేర్లూ రాయకపోయినా వంశం తెగినట్టు కాదు.

ఇదంతా ఆ తమ్ముడికి నెమ్మదిగా చెప్పాం. శ్రద్ధగా విన్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ వచ్చాడు, ఈసారి లూకా 3:27 తెరిచి. మత్తయిలో షయల్తీయేలు తండ్రి యెకొన్యా, లూకాలో నేరి. వచ్చే బుధవారం అక్కడ మొదలుపెడదాం. బైబిళ్లు తెచ్చుకోండి.