కాంట్లీ డాక్టరు క్లాసు

1914 ఆగస్టు 4న బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. రెండు రోజులకు గాంధీ, కస్తూర్బా లండన్ చేరారు. దక్షిణాఫ్రికాలో పని ముగించుకుని, రాజకీయ గురువు గోఖలేను చూసి ఇంటికి పోదామని ఓడలో మూడో తరగతిలో వచ్చారు. తీరా వస్తే గోఖలే పారిస్‌లో చిక్కుబడి ఉన్నారు. ఆయన వచ్చేదాకా ఊరికే కూర్చోక, బ్రిటన్‌లో చదువుకుంటున్న మన కుర్రాళ్ళను పోగుచేసి, గాయపడ్డవాళ్ళకు సేవ చేద్దామన్నారు గాంధీ. దొరలు ఇరుకున పడ్డప్పుడే మన హక్కులు అడగాలి గానీ ఈ ఊడిగం ఏమిటని కొందరు గట్టిగానే వాదించారు. అయినా సుమారు 80 మంది ముందుకొచ్చారు. భారత వ్యవహారాల మంత్రి లార్డ్ క్రూ కాస్త తటపటాయించి సరేనన్నాడు.

నేను కాలేజీలో ఎన్నెస్సెస్ పిల్లలకు ప్రథమ చికిత్స నేర్పిన మాస్టారిని. అందుకే గాంధీ ఆత్మకథలో చాలామంది గబగబా దాటేసే ఈ ఘట్టం దగ్గర నాకు కాలు సాగదు.

ఆ ఎనభై మందికి ప్రథమ చికిత్స పాఠం చెప్పినాయన డాక్టర్ జేమ్స్ కాంట్లీ. అంతకుముందు హాంకాంగ్‌లో వైద్యం బోధించాడు. అక్కడ తన శిష్యుడైన సన్ యట్-సెన్‌ను 1896లో లండన్‌లోని చైనా రాయబార కార్యాలయం నిర్బంధిస్తే, పోరాడి విడిపించింది ఈయనే. అలాంటి మనిషి ముందు మనవాళ్ళు ఆరు వారాలు కూర్చున్నారు. పరీక్షలో ఒక్కరు తప్ప అందరూ గట్టెక్కారు.

ప్రథమ చికిత్స క్లాసులో మొదటి రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. మూడు మూలల గుడ్డ చేతికిస్తారు. ముడి వేసేటప్పుడు కుడి కొస ఎడమ కొస మీదుగా పోవాలి, రెండోసారి ఎడమ కొస కుడిదాని మీదుగా రావాలి. అప్పుడే ముడి చదునుగా పడుకుంటుంది, జారదు, ఒంటికి గుచ్చుకోదు. రెండుసార్లూ ఒకే వైపు నుంచి వేస్తే ముడి అడ్డం తిరిగి, రోగిని మోసుకెళ్తుండగానే వదులవుతుంది. ఎంత చదివినవాడైనా ఆ గుడ్డ ముందు కొత్తవాడే. స్వచ్ఛందసేవకు అంతకంటే మంచి ప్రారంభం నాకు కనబడదు.

గాంధీకి మాత్రం ఈ పని కొత్త కాదు. బోయర్ యుద్ధానికి ముందే దర్బన్‌లో డాక్టర్ బూత్ దగ్గర రోగులకు సేవ చేయడం నేర్చుకున్నారు. 1899లో ఆ యుద్ధంలో గాయపడ్డవాళ్ళను మోయడానికి కట్టిన దళంలో 1,100 మంది. అందులో ఎక్కువమంది ఒప్పందపు కూలీలు. స్ట్రెచర్లు భుజాన వేసుకుని రోజుకు 20, 25 మైళ్ళు నడిచిన రోజులున్నాయి. దర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు భారతీయ కూలీల్లో అధికభాగం మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళు, వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. యుద్ధ పతకాలు నాయకులకే దక్కాయి. మోసినవాళ్ళ పేర్లు మనకు చేరలేదు, అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

లండన్‌లో మన హైదరాబాద్ ఆడపడుచు సరోజినీ నాయుడు కూడా ఉన్నారు. గాంధీతో ఆమె తొలి పరిచయం 1914 ఆగస్టులోనే. కెన్సింగ్టన్‌లో ఓ పాత ఇంటి మెట్లెక్కి వెళ్తే, జైలు కంబళి మీద కూర్చుని, జైలు నాటి కొయ్య గిన్నెలో చిదిపిన టమాటాలు తింటూ కనిపించారట. లైసియం మహిళా క్లబ్బు సైనికులకు బట్టలు కుట్టించే బాధ్యత తీసుకుంది. కత్తిరించిన గుడ్డల కుప్ప ఒకటి గాంధీ ముందు పెట్టి, వీటిని కుట్టించి తెచ్చివ్వండి అని పని అప్పజెప్పారామె. తెలిసినవాళ్ళను పట్టుకుని ఆయన కుట్టించగలిగినన్ని కుట్టించారు.

అసలు చిక్కు కాంట్లీ క్లాసు అయ్యాక వచ్చింది. సైనిక శిక్షణకు కల్నల్ బేకర్‌ను పెట్టారు. ఆయన దళాన్ని అడగకుండానే ఆక్స్‌ఫర్డ్ కుర్రాళ్ళను సెక్షన్ నాయకులుగా నియమించాడు. నేర్పేవాళ్ళుగా వాళ్ళను గౌరవిస్తాం, యజమానులుగా ఒప్పుకోమని దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో పాల్గొన్న సొరాబ్జీ అడాజానియా మొదటే హెచ్చరించాడు. మా నాయకులను మేమే ఎన్నుకుంటామని గాంధీ రాశారు. సైన్యంలో ఎన్నికలేమిటని బేకర్ కొట్టిపారేశాడు. ఎక్కువమంది డ్రిల్లుకూ, వారాంతపు శిబిరాలకూ పోవడం మానేశారు. ఈలోగా ఫ్రాన్సులో గాయపడ్డ మన సిపాయీలు నెట్లీ ఆసుపత్రికి వచ్చిపడ్డారు. కొందరు వెంటనే వెళ్ళారు, పట్టుబట్టి ఆగినవాళ్ళూ నచ్చజెప్పాక వెళ్ళారు. ప్లూరసీతో మంచం పట్టిన గాంధీ మాత్రం వెళ్ళలేకపోయారు.

నా దృష్టిలో తప్పు బేకర్‌దే. జీతానికి వచ్చినవాడికి హుకుం జారీ చేయవచ్చు. తనంతట తాను వచ్చినవాడికి, నువ్వు ఎవరి మాట వినాలో, నీ మాట ఎవరు వింటారో మొదటిరోజే చెప్పి ఒప్పించాలి. బేకర్ ఆ పని చేయలేదు. శిబిరాలు పెట్టే మాస్టార్లకూ, సంస్థల పెద్దలకూ నా మనవి ఒక్కటే: ఆత్మకథ నాలుగో భాగం చివర్లో ఈ అధ్యాయాలున్నాయి, పిల్లలను పిలిచే ముందు ఒకసారి చదవండి.