బాణీ, వాద్యసమ్మేళనం: నేపథ్య సంగీతకర్తృత్వంపై ఒక పరిశీలన

తెలుగు చలనచిత్ర సంగీత చరిత్ర ప్రధానంగా పాటల చరిత్రగానే రచింపబడింది. వాద్యసమ్మేళనం, నేపథ్య సంగీతం ఎవరివన్న ప్రశ్న అందులో మరుగునపడింది. ఉత్తరాంధ్రతో ముడిపడిన రెండు చిత్రాలు ఇందుకు నిదర్శనం.

సాలూరు సమీపంలోని శివరామపురంలో 1922లో జన్మించిన రాజేశ్వరరావు ‘మల్లీశ్వరి’ (1951) పాటలకు బాణీలు కూర్చారు; వాద్యసమ్మేళన భారం అద్దేపల్లి రామారావు వహించారు. పాటల కీర్తిలో రెండవవారికి దక్కిన భాగం స్వల్పం.

‘మాయాబజార్’ (1957) విషయం మరింత జటిలం. నాలుగు పాటలకు వరుసలు కట్టి రాజేశ్వరరావు తప్పుకొనగా, వాటి వాద్యగోష్ఠిని, తక్కిన పాటలను, నేపథ్య సంగీతాన్ని ఘంటసాల పూర్తిచేశారు. ఆయనా సాలూరుకు పరాయివారు కారు. 1919లో వెలసిన విజయనగరం సంగీత కళాశాలలో ఆయన గురువు పట్రాయని సీతారామశాస్త్రి సాలూరు వారే. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఒకరి వరుస మరొకరి చేతిలో చెడకుండా విస్తరించడానికి ఈ శాస్త్రీయ పునాది తోడ్పడిందనుట సమంజసం.

నేటి విద్యార్థి లఘుచిత్రాలలో నేపథ్య సంగీతం తరచు కూర్పు కాదు, సిద్ధంగా ఉన్న ధ్వనిముద్రణల నుండి ఎంపిక. వాద్యం ఎక్కడ మొదలవాలి, సంభాషణకై ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయం మాత్రం మారలేదు. అది అద్దేపల్లి, ఘంటసాలలు చేసిన పనికి కొనసాగింపే. చరిత్రకారులు విస్మరించిన ఈ భేదాన్ని చట్టం విస్మరించలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సంగీతకృతి వేరు, ధ్వనిముద్రణ వేరు. పాత బాణీని కొత్త వాద్యాలకు అమర్చడం అనుసరణ కిందికి వస్తుంది. కనుక హక్కులు చెల్లుబాటులో ఉన్న బాణీని విద్యార్థి తన వయొలిన్‌పై వాయించి చిత్రంలో చేర్చదలచినా హక్కుదారుని అనుమతి సాధారణంగా అవసరమే.