ఇసుక పలక, గాజు పలక

మన పిల్లలు ‘ట్యాబ్’ అని ముద్దుగా పిలుచుకునే వస్తువు పూర్తి పేరు ట్యాబ్లెట్. ఆ మాట వింటే నాలాంటి వాళ్ళకి జ్వరం బిళ్ళే గుర్తొస్తుంది గానీ, ఇంగ్లీషులో దాని పాత అర్థం రాసుకునే పలక. అంటే లోకం తిరిగి తిరిగి పలక దగ్గరికే వచ్చి ఆగిందన్నమాట! పంతుళ్ళకి కొత్త పనిముట్లు రావడం, ఊరంతా ముక్కున వేలేసుకుని చూడటం, పదేళ్ళు తిరక్కుండా వాటిని అటకెక్కించడం మన దగ్గర రెండొందల ఏళ్ళుగా నడుస్తున్న కథే. కాస్త తీరిక చేసుకుని వినండి, మరీ చరిత్ర పాఠంలా ఉండదులెండి.

మొదటి పలక ఇసుక. కాగితం ఖరీదు, తాటాకు మీద గంటంతో గీయాలంటే అయిదేళ్ళవాడి వేళ్ళకి బలం చాలదు. అందుకని వీధిబడి అరుగు మీద ఇసుక పోసి, పంతులుగారు పిల్లవాడి వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించేవారు. తప్పు వస్తే అరచేత్తో ఒక్క తుడుపు. పైసా ఖర్చు లేదు. కృష్ణ ఒడ్డునున్న మన దివిసీమ వైపు ఇసుకకి కొదవేముంది! (ఇప్పుడు లారీ ఇసుక ధర విన్నవాళ్ళు ఈ మాట అనరనుకోండి.)

ఆ బడుల సంగతి మనకిప్పుడు తెలుస్తోందంటే మద్రాసు గవర్నరు థామస్ మన్రో పుణ్యమే. 1822లో ఆయన కలెక్టర్లందర్నీ తమ తమ జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో లెక్క రాసి పంపమన్నాడు. మన బందరు కలెక్టరూ పంపాడు. కానీ 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ పంపిన జాబు ముందు మిగతావన్నీ చప్పగా ఉంటాయి. బళ్ళారి అప్పట్లో తెలుగూ కన్నడమూ కలగలిసిన జిల్లా. ఆ దొర బడిలోకి వెళ్ళి కూర్చుని చూసినట్టే రాశాడు. పొద్దున్నే బడికి అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో ఒక సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాడికి ఇంకొకటి కలుపుకుంటూ పోవడమే. మన పెద్దవాళ్ళు ‘శ్రీ, చుక్క’ అని చెప్పుకునేది ఇదే. హాజరు పట్టీ లేదు, కాగితం లేదు, సిరా లేదు. ఎవడెప్పుడొచ్చాడో వాడి చెయ్యే చెబుతుంది!

2022 ఆగస్టులో మన రాష్ట్రంలో టీచర్లు సెల్‌ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసుకోవాలని ఒక యాప్ పెట్టారు. సొంత ఫోన్లో ప్రభుత్వం యాప్ ఎందుకు పెట్టుకోవాలని సంఘాలు గొడవ చేశాయి. నాకు మాత్రం కాంబెల్ దొర జాబే గుర్తొచ్చింది. ఆ రోజుల్లో బెత్తం పంతులుగారి చేతిలో ఉండేది, ఇప్పుడు చెయ్యి చాచడం పంతులుగారి వంతయింది.

ఇసుక పలక సీమకి ప్రయాణం చేసిన వైనం ఇంకా తమాషా. ఆండ్రూ బెల్ అనే మతాధికారికి 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ పిల్లల ఆశ్రమం అప్పజెప్పారు. ఒకనాటి పొద్దున ఆయన గుర్రమెక్కి వెళుతుంటే ఒక వీధిబడిలో పిల్లలు నేల మీద కూర్చుని వేళ్ళతో ఇసుకలో రాస్తూ కనిపించారు. ఇదేదో చవకగా ఉందే అనుకుని వెంటనే తన బడిలోనూ అలాగే చెప్పమన్నాడు. కింది పంతుళ్ళు ‘కుదరదండీ’ అన్నారు. (కొత్త పద్ధతి రాగానే కుదరదనే పంతుళ్ళు ఆనాడూ ఉన్నారన్నమాట.) బెల్ వాళ్ళని బతిమాలుతూ కూర్చోలేదు. జాన్ ఫ్రిస్కిన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణి పిలిచి, చిన్నపిల్లల చేత అక్షరాలు దిద్దించే పని వాడికి అప్పజెప్పాడు. వాడు చెప్పాడు, వీళ్ళు నేర్చుకున్నారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే ఈ పద్ధతి గురించి బెల్ 1797లో లండన్‌లో పుస్తకం అచ్చు వేస్తే, దానికి ‘మద్రాసు పద్ధతి’ అని పేరొచ్చి ఇంగ్లండులో వేలకొద్దీ బడుల్లోకి పాకింది. మన అరుగు మీది ఇసుక అక్కడి బీదపిల్లల బల్లల మీదికి ఎక్కింది.

అంతమాత్రాన మన పాత బడులన్నీ గురుకుల స్వర్గాలని పొంగిపోనక్కర్లేదు. కాంబెల్ జాబులోనే ఆ మాటా ఉంది. పిల్లలు వల్లె వేసే పద్యాలు గ్రాంథికంలో ఉండేవి, చాలాచోట్ల చదివేవాడికీ తెలియదు, చెప్పేవాడికీ తెలియదు. అచ్చం చిలకపలుకులు. ఇక నా కళ్ళు ఆగిపోయిన లెక్క వేరే ఉంది. బళ్ళారి జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది! పనిముట్టు ఇసుక, ఎవరి సొత్తూ కాదు, వాకిట్లోనే ఉంది. ముగ్గు పెట్టడానికి అదే నేల మీద రోజూ వంగే ఆడపిల్లని పక్కనే ఉన్న అరుగు మీదికి మాత్రం రమ్మన్నవాడు లేడు.

మన్రో 1826లో అన్ని లెక్కలూ కూడి, రాజధాని మొత్తానికి 12,498 బడులున్నాయనీ, అంటే సుమారు వెయ్యిమందికి ఒకటనీ తేల్చాడు. చదువు నాసిగా ఉండటానికి ఆయన చెప్పిన కారణం ఇసుకా కాదు, తాటాకూ కాదు. పంతులుకి నెలకి ఆరేడు రూపాయలకి మించి రావడం లేదు, అంత తక్కువకి యోగ్యులెవరు వస్తారన్నాడు. అంత సూటిగా మాట్లాడే దొర ఉన్నందుకు సంతోషించాలో, మనవాళ్ళెవరూ చెప్పనందుకు ఏడవాలో!

ఆ తర్వాతివి మీకు తెలిసినవే. 1832లో పుదూరి సీతారామశాస్త్రి గారి బాలశిక్ష వచ్చింది. దొండాకు పసరూ బొగ్గూ రాసిన చెక్క పలక పోయి మార్కాపురం రాతి పలక వచ్చింది. 1948 డిసెంబరులో బెజవాడలో రేడియో కేంద్రం పెట్టారు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం సాయంతో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకి టీవీ పాఠాలు చూపించారు. ఇంట్లో టీవీ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, ఊరి బడిలో పొద్దున పూట ఇరవై రెండున్నర నిమిషాలు తెలుగులో పిల్లల కార్యక్రమం! ఏడాది కాగానే ఉపగ్రహం వాళ్ళది వాళ్ళు తీసుకుపోయారు, సెట్ల ముందు కూర్చున్న పిల్లలు మిగిలారు. 1987లో ‘నల్లబల్ల పథకం’ పెట్టి ప్రతి బడికీ రెండు గదులు, ఇద్దరు టీచర్లు, వాళ్ళలో వీలైతే ఒక ఆవిడ ఉండాలన్నారు. ఉపగ్రహం వచ్చి వెళ్ళిన పదకొండేళ్ళకి నల్లబల్ల గుర్తొచ్చిందన్నమాట.

ఇప్పటి కాలానికి వస్తే, 2017 సెప్టెంబరు 5న మన వెంకయ్యనాయుడుగారు ఉపరాష్ట్రపతిగా ‘దీక్ష’ అనే వెబ్‌సైటుని ప్రారంభించారు. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన నలుపు తెలుపు గళ్ళ ముగ్గులాంటిది ఉంటుంది చూశారూ, దాన్ని ఫోనుకి చూపిస్తే ఆ పాఠం తాలూకు బొమ్మలూ వీడియోలూ వస్తాయి. ఆ ముగ్గుని 1994లో జపానులో మసాహిరో హారా అనే ఆయన కార్ల విడిభాగాల లెక్క కోసం కనిపెట్టాడు. మన ఆరో తరగతి సైన్సు పుస్తకంలోకి వస్తుందని ఆయన కలగని ఉండడు.

2020లో బడులు మూతబడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో ‘విద్యావారధి’ అని పాఠాలు వేశారు, మిగతాదంతా ఫోన్లలోనే. అప్పుడు మా చల్లపల్లి వీధిలో చూశాను. ఇంటికొక ఫోను, తండ్రితో పాటు చేలోకో దుకాణానికో పోతుంది. సాయంత్రం అది ఇంటికొచ్చాక ముందు అబ్బాయి చేతికి. అమ్మాయికి దొరికేసరికి చార్జింగు ఉండదు. ఎవరూ ఆ పిల్లని చదువుకోవద్దనలేదు, నిజమే. ‘అన్నయ్యది అవనీ తల్లీ’ అన్నారు, అంతే. 60 మంది లెక్క నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఆ రోజుల్లోనే.

అందుకే 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచినప్పుడు, పదిమందీ పదిరకాలుగా అన్నా నేను మాత్రం సంతోషించాను. ఆడపిల్ల పేరు మీద ఒక గాజు పలక వచ్చింది, అన్నయ్యది అయ్యేదాకా ఆగక్కర్లేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అందులో పాఠాలు నింపిన బైజూస్ కంపెనీ 2024 నాటికి దివాలా విచారణలో పడింది. బాలశిక్ష మాత్రం ఇంకా అచ్చవుతూనే ఉంది.

మా వదిన పక్క మండలంలో సైన్సు టీచరు. ఏది పనికొస్తుందో, ఏది ఉత్త ఆర్భాటమో ఆవిడకి తెలిసినంతగా ఆ సామాను అమ్మేవాళ్ళకి కూడా తెలియదు. “పైనుంచి వచ్చే యాప్‌లన్నీ నన్ను లెక్కలడిగేవే అమ్మాయ్, నాకు సాయం చేసేవి నేనే వెతుక్కున్నాను” అంటుంది. ఆవిడ మొదట మెచ్చుకునేది ‘ఫెట్’ అనే వెబ్‌సైటుని. నోబెల్ బహుమతి వచ్చిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టాడు. డబ్బు కట్టక్కర్లేదు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తెర మీద బ్యాటరీ, తీగ, బల్బు కలిపితే తీగలో నీలం గోళీలు కదులుతాయి. తీగ ఒకచోట విడదీస్తే గోళీలు ఆగిపోతాయి, బల్బు ఆరిపోతుంది. “ముప్పై ఏళ్ళు నోటితో చెప్పాను కరెంటు పారుతుందని. పిల్లలు ఇప్పుడు చూశారు” అంది. బడిలో సిగ్నల్ ఉండదు కాబట్టి ముందురోజు ఇంటి దగ్గరే దించుకుని తీసుకుపోతుంది, ఆ సదుపాయమూ ఉంది.

తెలుగు చెప్పే టీచర్లకి ‘ఆంధ్రభారతి’ నిఘంటువుల సైటు ఉంది. ఒక మాట కొడితే మన బందరులో ఉద్యోగం చేసిన బ్రౌన్ దొర నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్రం అన్నిట్లోంచీ అర్థాలు ఒకచోట వచ్చి పడతాయి. నా నవలలకీ అదే దిక్కు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఉండనే ఉంది, దాన్ని రాసేదీ మనవాళ్ళే, జీతం లేకుండా.

ఫెట్‌లో తీగలు కలపడం మొదట్లో వదినకి చేతకాలేదు. వేలు పెడితే బల్బు ఎటో పోయేది. నేర్పింది ఆవిడ క్లాసులోని ఒక పిల్ల, పదమూడేళ్ళది, ట్యాబు వచ్చిన రెండో వారానికే దాని ఆనుపానులన్నీ పట్టేసింది. ఇప్పుడు ఏడో తరగతి వాళ్ళకి కరెంటు పాఠం వచ్చిన రోజున వదిన ఆ పిల్లనే తీసుకెళ్ళి ముందు నిలబెడుతుంది, తను వెనక బెంచీ మీద కూర్చుని వింటుంది.